హైదరాబాద్ అన్న ఒక్క మాట కోసం విండోస్ మీద పోస్ట్‌గ్రెస్‌ను కంపైల్ చేసిన వైనం

నల్లకుంటలోని మా కాలనీ గ్రంథాలయంలో ఆరువేలకు పైగా పుస్తకాలు ఉన్నాయి. కొన్ని దాతలు ఇచ్చినవి, కొన్ని ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతికి తెచ్చినవి, మిగిలినవి కోఠీ దుకాణాల్లో కొన్నవి. వాటి జాబితాను నాలుగేళ్లుగా పదిమందికి పైగా స్వచ్ఛందంగా వచ్చి కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఒకరు ఫోన్‌లో టైపు చేసి పంపారు, మరొకరు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో నేరుగా కొట్టారు, ఇంకొకరు పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చి అతికించారు. ఆ జాబితా మొత్తం పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ (పొట్టిగా పోస్ట్‌గ్రెస్) అనే సాఫ్ట్‌వేర్ నడిపే డేటాబేస్‌లో ఉంది, దాని బాగోగులు చూసే పని నాది.

గ్రంథాలయాన్ని నడిపే మాస్టారు తెలుగు ఉపాధ్యాయులుగా పనిచేసి విరమించినవారు. ఒక సాయంత్రం ఆయన నన్ను పిలిచి, "బాబూ, విషయం అన్న చోట హైదరాబాద్ అని కొడితే పదకొండు పుస్తకాలే చూపిస్తోంది. అలమారులో నేను స్వయంగా లెక్కపెడితే పంతొమ్మిది ఉన్నాయి. ఆ ఎనిమిదీ ఏమైనట్టు?" అని అడిగారు. ఎక్కించడం మరిచిపోయి ఉంటారని మొదట అనుకున్నాను. జాబితాను వరుసగా తిరగేస్తే ఎనిమిదీ అందులోనే కనిపించాయి, విషయం గడిలో హైదరాబాద్ అనే రాసి ఉంది. కంటికి తేడా ఏమీ లేదు. తేడా బైట్లలో ఉంది.

యూనికోడ్ అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. హైదరాబాద్ అన్న మాటను హకారం, ఐత్వం, దకారం, రకారం, దీర్ఘం, బకారం, దీర్ఘం, దకారం, పొల్లు అని విడదీస్తే తొమ్మిది సంకేతాలు, అంటే 27 బైట్లు. అయితే యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు, లేదా ఎత్వం పెట్టి దాని కింద వచ్చే గుర్తును విడిగా చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. ఈ రెండూ సమానమని యూనికోడ్ ప్రమాణమే చెబుతుంది, కానీ రెండో పద్ధతిలో మాట 30 బైట్లవుతుంది. ఇక చివరి పొల్లు తర్వాతి అక్షరంతో కలిసి వత్తుగా మారకుండా ఉండటానికి మనం వాడే జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని సంకేతం ఉంది. హైదరాబాద్‌లో అని రాసేటప్పుడు అది తప్పనిసరి. 'లో' తీసేసినా అది మాట చివర అలాగే మిగిలిపోతుంది, దానికి మరో మూడు బైట్లు. ఈ విధంగా మన ఊరి పేరు ఒక్కటే 27, 30, 30, 33 బైట్లతో నాలుగు రూపాల్లో ఉండగలదు. మా జాబితాలో నాలుగూ ఉన్నాయి.

బైట్లను బట్టి పోల్చే డేటాబేస్‌కు ఇవి నాలుగు వేర్వేరు మాటలు. వెతుకులాటలోనే కాదు, వరుసలోనూ ఈ చిక్కు కనిపిస్తుంది. ఐత్వాన్ని రెండు సంకేతాలుగా రాసిన హైదరాబాద్ బైట్ల లెక్కలో ఎత్వంతో మొదలైనట్టే కాబట్టి, హెలికాప్టర్ తర్వాత, హేమంతం కంటే ముందు వచ్చి కూర్చుంటుంది. అకారాది క్రమానికి అలవాటుపడిన పాఠకుడు ఆ పేజీలో దాని కోసం వెతకడు. హైద్రాబాద్ అని రాసినవారిది మాత్రం వేరే సంగతి. అది వర్ణక్రమంలోనే మరో రూపం, దాన్ని మనిషే సరిదిద్దాలి.

ఈ పోలికను భాషకు తగినట్టు చేయడానికి ఐసీయూ అనే లైబ్రరీ ఉంది. ఇంటర్నేషనల్ కాంపొనెంట్స్ ఫర్ యూనికోడ్ అన్నది దాని పూర్తి పేరు. పోస్ట్‌గ్రెస్ 2017లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి దాన్ని వాడుకోగలదు. 2019లో వచ్చిన 12వ వెర్షన్‌లో నాన్ డిటర్మినిస్టిక్ కొలేషన్ (మాటలను పోల్చి వరుసపెట్టే నియమావళిని కొలేషన్ అంటారు) వచ్చింది, అంటే బైట్లు వేరైనా ఐసీయూ సమానమన్న మాటలను డేటాబేస్ కూడా సమానంగానే చూస్తుంది. ఐసీయూ తన క్రమనియమాల్లో కనిపించని జాయినర్లను లెక్కలోకి తీసుకోదు, ఐత్వం రెండు రూపాలనూ ఒకటిగానే చూస్తుంది. మాకు కావలసింది సరిగ్గా ఇదే. ఒక్క లోటు మాత్రం చాలాకాలం మిగిలింది. అటువంటి కొలేషన్ ఉన్న గడిలో మాటలో కొంత భాగమే ఇచ్చి వెతికే లైక్ పనిచేసేది కాదు, అది 2025లో వచ్చిన 18వ వెర్షన్‌లో తీరింది. మాస్టారు సగం మాట కొట్టి వెతికే అలవాటు ఉన్నవారు కాబట్టి 18 తప్ప గత్యంతరం లేదని తేల్చుకున్నాను.

ఇన్‌స్టాలర్ సిద్ధంగా దొరుకుతున్నప్పుడు సోర్స్ నుంచి కంపైల్ చేయడం, అంటే మూల కోడ్‌ను మనమే యంత్రం నడపగల రూపంలోకి మార్చుకోవడం ఎందుకని మిత్రులు అడిగారు. ఈ ప్రశ్నకు నా జవాబు ఇండెక్స్‌లో ఉంది. బీ-ట్రీ ఇండెక్స్ అంటే నిఘంటువులాగా వరుసలో పేర్చిన జాబితా. ఒక మాట కోసం మధ్యలో తెరిచి, ముందుకు వెళ్లాలా వెనక్కి వెళ్లాలా అని నిర్ణయించుకుంటూ డేటాబేస్ వెతుకుతుంది. ఆ వరుసను పేర్చినప్పుడు ఉన్న నియమం ఒకటై, వెతికేటప్పుడు ఉన్న నియమం మరొకటైతే, మాట ఉన్న సగాన్ని వదిలి లేని సగంలో వెతికి, లేదని చెబుతుంది. ఎటువంటి లోపసందేశమూ రాదు. ఒకే పుస్తకం రెండుసార్లు ఎక్కకూడదన్న నిబంధన కూడా ఇదే కారణంగా నిశ్శబ్దంగా తప్పిపోగలదు. లినక్స్ ప్రపంచంలో 2018లో గ్లిబ్‌సీ అనే మూల లైబ్రరీ 2.28 వెర్షన్ వచ్చి క్రమనియమాలు మారినప్పుడు ఎందరో డేటాబేస్ నిర్వాహకులు ఈ కష్టాన్ని అనుభవించారు. ఐసీయూ వెర్షన్ మారినా ఇదే ప్రమాదం. అందుకే పోస్ట్‌గ్రెస్ ప్రతి ఐసీయూ కొలేషన్‌తోపాటు దాని వెర్షన్‌ను రాసిపెట్టుకొని, తేడా వస్తే హెచ్చరిస్తుంది. ఇన్‌స్టాలర్ వాడితే దాని లోపల ఏ ఐసీయూ వస్తుందో, ఎప్పుడు మారుతుందో మన చేతిలో ఉండదు. నేనే కంపైల్ చేసుకుంటే ఏ ఐసీయూతో ఇండెక్స్ కట్టానో అదే ఐసీయూను నేను మార్చాలనుకునే దాకా ఉంచుకోగలను. మా జాబితా వంటి తెలుగు సమాచారానికి ఇది చిన్న విషయం కాదని నా గట్టి అభిప్రాయం.

గ్రంథాలయంలో ఉన్నది విండోస్ కంప్యూటరే. పుస్తకాలకు చీటీలు ముద్రించే ప్రింటరు, అక్కడికి వచ్చేవారి అలవాటు అన్నీ దానితోనే ముడిపడి ఉన్నాయి, దాన్ని మార్చమనడం న్యాయం కాదు. పోస్ట్‌గ్రెస్ మూలాలు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో 1986లో మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వంలో మొదలైన పరిశోధనలో ఉన్నాయి. అది యూనిక్స్ నేల మీద పెరిగిన మొక్క, విండోస్ మీద నేరుగా నడవడం 2005 జనవరిలో వచ్చిన 8.0తోనే మొదలైంది. అంతకు ముందు సిగ్విన్ అనే అనుకరణ పొర కావలసి వచ్చేది. యూనిక్స్‌లో కొత్త కనెక్షన్ రాగానే సర్వర్ ఫోర్క్ చేసి తన ప్రతిరూపాన్ని పుట్టిస్తుంది. విండోస్‌లో ఆ సదుపాయం లేదు కాబట్టి ప్రతి కనెక్షన్‌కూ కొత్త ప్రాసెస్‌ను మొదటి నుంచీ లేపి, ఉమ్మడి మెమరీని అదే చిరునామా వద్ద మళ్లీ తగిలించాలి. ఇద్దరు ముగ్గురు వాడే గ్రంథాలయానికి ఈ ఆలస్యం తెలియదు, కానీ ఈ సోర్స్‌లో విండోస్ కోసం ఎంతమంది ఎంత శ్రమ చేశారో ఆ ఫైళ్లు తెరిచి చదివినప్పుడు తెలుస్తుంది. చదివినకొద్దీ నాకు వారి మీద గౌరవం పెరిగింది.

ఇక పని విషయానికి వస్తాను. ఈ దారిలో నడిచేవారిని మొదట తప్పుదోవ పట్టించేవి పాత సూచనలు. సోర్స్‌లో టూల్స్ కింద ఎంఎస్‌వీసీ అనే ఫోల్డర్‌లోకి వెళ్లి బిల్డ్ బ్యాచ్ ఫైలును నడపమని అవి చెబుతాయి. 2023లో 16వ వెర్షన్‌తో మెసాన్ అనే బిల్డ్ వ్యవస్థ వచ్చింది, 2024లో 17వ వెర్షన్‌తో ఆ పాత పెర్ల్ స్క్రిప్టుల ఫోల్డర్‌ను పూర్తిగా తీసేశారు. ఇప్పుడు విజువల్ స్టూడియోతో కంపైల్ చేయడానికి మెసాన్ ఒక్కటే మార్గం. అదే 17వ వెర్షన్ నుంచి విడుదల ప్యాకేజీలో ముందే తయారుచేసిన పార్సర్ ఫైళ్లు కూడా ఇవ్వడం లేదు, కాబట్టి వాటిని తయారుచేసే ఫ్లెక్స్, బైసన్, పెర్ల్ అనే పనిముట్లు మూడూ మన దగ్గర ఉండి తీరాలి.

నేను పెట్టుకున్నవి ఇవి: వ్యక్తులు ఉచితంగా వాడుకోగల విజువల్ స్టూడియో కమ్యూనిటీ ఎడిషన్, అందులో సీ ప్లస్ ప్లస్ డెస్క్‌టాప్ విభాగం, పైథాన్; దాని ప్యాకేజీ సాధనమైన పిప్ ద్వారా మెసాన్, మెసాన్ రాసిచ్చిన పనులను నడిపే నింజా; విండోస్ కోసం స్ట్రాబెర్రీ పెర్ల్; ఫ్లెక్స్, బైసన్‌ల కోసం విన్‌ఫ్లెక్స్‌బైసన్. ఈ చివరి ప్యాకేజీలో ప్రోగ్రాముల పేర్ల ముందు విన్ అని ఉంటుంది, ఆ పేర్లు పోస్ట్‌గ్రెస్ బిల్డ్‌కు తెలుసు కాబట్టి మార్చనక్కరలేదు. ఇటువంటి పనిముట్లను పేరులో ఖాళీ ఉన్న ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో పెట్టకుండా, సీ డ్రైవ్‌లో చిన్న పేరున్న ఫోల్డర్‌లో పెట్టుకోవడం మేలు. గ్నూవిన్32 అనే మరో ప్యాకేజీలోని బైసన్ ఖాళీ ఉన్న దారిలో సరిగా పనిచేయదని పోస్ట్‌గ్రెస్ పత్రాలే చాలాకాలం హెచ్చరించాయి. నేను సోర్స్‌ను కూడా అలాగే పొట్టి దారిలో విప్పాను.

మొదటి ప్రయత్నం మామూలు కమాండ్ విండో తెరిచి చేశాను, అది పొరపాటు. విజువల్ స్టూడియో కంపైలర్ మామూలు విండోలో కనబడదు. స్ట్రాబెర్రీ పెర్ల్ మాత్రం తనతోపాటు జీసీసీ కంపైలర్‌ను తెచ్చి, విండోస్ ప్రోగ్రాముల కోసం వెతికే ఫోల్డర్ల జాబితాలో (పాత్‌లో) పెడుతుంది. మెసాన్ దాన్ని చూసి, కంపైలర్ దొరికిందని ముందుకు సాగింది. అరగంట తర్వాత, కంపైలైన ముక్కలను కలిపే లింకు దశలో వచ్చిన తప్పులను చదివేటప్పుడు గాని నాకు సంగతి అర్థం కాలేదు. స్టార్ట్ మెనూలో విజువల్ స్టూడియో కింద ఉండే ఎక్స్64 నేటివ్ టూల్స్ కమాండ్ ప్రాంప్ట్‌నే తెరవాలి. మెసాన్ మొదటి పది వరుసల్లో ఏ కంపైలర్ పట్టుకుందో రాస్తుంది, ఆ వరుసను చదవకుండా ముందుకు వెళ్లకూడదు.

రెండో పొరపాటు ఇంతకంటే లోతైనది, ఎందుకంటే అది అసలు ప్రయోజనాన్నే దెబ్బతీసింది. మెసాన్‌లో పోస్ట్‌గ్రెస్ ఐచ్ఛికాలు చాలావరకు ఆటో అనే స్థితిలో ఉంటాయి. లైబ్రరీ దొరికితే కలుపుకొంటుంది, దొరకకపోతే మాట్లాడకుండా వదిలేస్తుంది. ఐసీయూ కూడా అంతే. నా బిల్డ్ నున్నగా పూర్తయింది, ఇన్‌స్టాల్ అయింది, అంతా బాగుందనుకొని, కొత్త డేటాబేస్‌కు చోటు సిద్ధంచేసే ఇనిట్‌డీబీ ప్రోగ్రాముకు ఐసీయూ ప్రొవైడర్ కావాలని చెప్పగానే, ఈ బిల్డ్‌లో ఐసీయూ లేదని సమాధానం వచ్చింది. వెనక్కి వెళ్లి మెసాన్ సెటప్ చివర ఇచ్చిన పట్టికను చూస్తే బయటి లైబ్రరీల కింద ఐసీయూ పక్కన నో అని స్పష్టంగా ఉంది. సెటప్ ఆజ్ఞలోనే ఐసీయూను ఎనేబుల్డ్ అని రాస్తే, అది దొరకనప్పుడు సెటప్ అక్కడికక్కడే ఆగిపోతుంది. మనకు అవసరమైన ప్రతి లైబ్రరీకీ ఇలా రాయాలి. ఆటోను ఏమాత్రం నమ్మవద్దని ఈ పని మొదలుపెట్టే ప్రతివారికీ చెబుతున్నాను.

ఐసీయూను నేను వీసీప్యాకేజ్ అనే ప్యాకేజీ సాధనంతో తెచ్చాను. అది ఐసీయూను సోర్స్ నుంచే కడుతుంది కాబట్టి ఓపిక కావాలి. కట్టిన తర్వాత దాని ప్యాకేజ్ కాన్ఫిగ్ ఫైళ్లు ఉన్న ఫోల్డర్ దారిని మెసాన్‌కు ఇస్తే, ఈసారి పట్టికలో ఐసీయూ పక్కన వెర్షన్ సంఖ్యతో సహా ఎస్ అని వచ్చింది. ఆ సంఖ్యను గ్రంథాలయపు రిజిస్టర్ అట్ట లోపలి వైపు సిరాతో రాశాను. నేను లేనప్పుడు ఎవరైనా చూడవలసి వస్తే వారికి మొదట కావలసింది ఆ సంఖ్యే.

కంపైల్ దశ గురించి చెప్పవలసింది తక్కువే. ఆ కంప్యూటర్‌లో 8 జీబీ మెమరీయే ఉంది, నింజా అన్ని కోర్లనూ ఒకేసారి వాడబోతే యంత్రం బిగుసుకుపోయింది, అందుకని ఒకేసారి రెండు పనులకు మించకుండా పరిమితి పెట్టాను. బిల్డ్ సమయంలో పుట్టే వేలాది చిన్న ఫైళ్లను యాంటీవైరస్ ఒక్కొక్కటిగా పరీక్షిస్తుంటే పని నత్తనడక నడుస్తుంది, ఆ ఒక్క ఫోల్డర్‌ను మినహాయించాను. మధ్యలో కరెంటు పోయింది. మే నెలలో ఇది వింత కాదు. నింజా ఏ ఫైలు పూర్తయిందో లెక్క ఉంచుకుంటుంది కాబట్టి తిరిగి మొదలుపెట్టినప్పుడు ఆగిన చోటి నుంచే సాగింది.

ఇన్‌స్టాల్ తర్వాత ఇనిట్‌డీబీ లేవలేదు, డీఎల్ఎల్ (ప్రోగ్రాము నడిచేటప్పుడు వాడుకునే లైబ్రరీ ఫైలు) దొరకలేదన్న పెట్టె వచ్చింది. ఐసీయూకు విండోస్‌లో మూడు డీఎల్ఎల్‌లు అవసరం: ఐసీయూయూసీ, ఐసీయూఇన్, ఐసీయూడీటీ, ప్రతి పేరు చివరా వెర్షన్ సంఖ్య ఉంటుంది. మూడోదే భాషల సమాచారమంతా మోసేది, సుమారు 30 ఎంబీ, తెలుగు నియమాలూ దానిలోనే ఉంటాయి. ఆ మూడింటినీ పోస్ట్‌గ్రెస్ బిన్ ఫోల్డర్‌లోకి కాపీ చేశాను. మరో చోట ఉంచి ఆ ఫోల్డర్‌ను పాత్ వేరియబుల్‌లో చేర్చవచ్చు, కానీ రేపు మరొక ప్రోగ్రాము వేరే ఐసీయూను ముందు పెడితే మనం తెచ్చుకున్న స్థిరత్వం పోతుంది.

డేటాబేస్ సృష్టించేటప్పుడు భాషా నియమాలను (లొకేల్) అందించే ప్రొవైడర్‌గా ఐసీయూను, దాని లొకేల్‌గా తెలుగు సంకేతమైన టీఈని, ఎన్‌కోడింగ్‌గా యూటీఎఫ్8ను స్పష్టంగా ఇచ్చాను. ఇవేవీ ఇవ్వకపోతే ఆంగ్ల విండోస్ మీద ఇనిట్‌డీబీ యంత్రపు లొకేల్‌ను చూసి విన్1252 ఎన్‌కోడింగ్‌ను ఎంచుకుంటుంది, అందులో తెలుగు అక్షరం ఒక్కటీ పట్టదు. మరొకటి, అడ్మినిస్ట్రేటర్ హక్కులున్న విండో నుంచి పోస్ట్‌గ్రెస్ ప్రోగ్రామును నేరుగా నడిపితే అది నిరాకరిస్తుంది. భద్రత కోసం కావాలనే అలా పెట్టారు. సర్వర్‌ను లేపడానికీ ఆపడానికీ ఉన్న పీజీ సీటీఎల్ ద్వారా నడిపితే అదే హక్కులను తగ్గించి లేపుతుంది.

మెసాన్ టెస్ట్‌ను నడపకుండా అసలు జాబితాను ఎక్కించలేదు. పరీక్షలన్నీ దాటాక, పాత సర్వర్ నుంచి పీజీ డంప్‌తో తీసిన ప్రతిని కొత్తదానిలో పోసి, టీఈ లొకేల్‌తో డిటర్మినిస్టిక్ కాని కొలేషన్ ఒకటి సృష్టించి, విషయం, శీర్షిక, రచయిత గడులను దానికి మార్చాను. మార్చేటప్పుడు విషయాల పట్టికలో ఒకే మాట రెండుసార్లు ఉండకూడదన్న యూనిక్ నిబంధన అడ్డుపడింది. అప్పటిదాకా నాలుగుగా నిలిచిన హైదరాబాద్‌లు ఒకటయ్యేసరికి నకళ్లు బయటపడ్డాయి. సాఫ్ట్‌వేర్, ఫుట్‌బాల్ వంటి మాటలకూ జాయినర్ ఉన్నది ఒకటి, లేనిది ఒకటి చొప్పున జంటలు దొరికాయి. వాటిని మాస్టారూ నేనూ కూర్చొని ఒక ఆదివారం మధ్యాహ్నమంతా ఒక్కొక్కటిగా కలిపాము. ఆ తర్వాత ఆయన హైదరాబాద్ అని కొట్టి, వచ్చిన పంతొమ్మిదింటినీ వేలితో లెక్కపెట్టి, అలమారు దగ్గరికి వెళ్లి మరోసారి సరిచూసుకున్నారు.

నిర్వహణ ఇక నా మీదే ఉంది. పోస్ట్‌గ్రెస్ చిన్న విడుదలలు ఏటా ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల్లో వస్తాయి. వాటికి డేటాను దించి ఎక్కించే పని ఉండదు, కొత్త సోర్స్‌ను అదే ఐసీయూతో కట్టి, సర్వర్‌ను ఆపి, నింజా ఇన్‌స్టాల్ చేస్తే చాలు. నడుస్తున్న ప్రోగ్రాము ఫైలు మీద రాయడానికి విండోస్ ఒప్పుకోదు కాబట్టి ఆపడం తప్పదు. అందుకే ఆ పనిని గ్రంథాలయానికి సెలవైన శుక్రవారం పెట్టుకుంటున్నాను. ఐసీయూను మార్చే రోజు వస్తే, ముందు డంప్ తీసి, మార్చి, ఇండెక్సులన్నీ రీఇండెక్స్‌తో తిరిగి కట్టి, ఆ తర్వాతే కొలేషన్ వెర్షన్‌ను రిఫ్రెష్ చేయాలని రిజిస్టర్‌లో ఆ సంఖ్య కిందనే రాసి ఉంచాను.